డబ్బా పొడి, మామ పడుగు

మొన్న శుక్రవారం మా మామ పడుగును నేను ఎంత తెలివిగా కాపాడినానో ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో అందరూ చెప్పుకుంటాండారు. మీ చెవిన కూడా పడే ఉంటుంది. నమ్మొద్దండి. చెప్పేవాళ్ళు అబద్ధాలాడే మనుషులు కారు, మా మామ అసలే కాదు. కానీ నిజంగా ఏం జరిగిందో నాకూ నా కడుపుకూ మాత్రమే తెలుసు. మా ఇద్దరిలో మొదట నోరు విప్పింది కడుపే కాబట్టి దాని సంగతే ముందు చెబుతాను.

నేను నేతగాణ్ణి. నేతగాని కడుపు వీపుకు అంటుకోని ఉండల్ల. నాది దోనెకు అంటుకుంది. దోనె అంటే నేసిన గుడ్డను చుట్టుకునే కర్ర. మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూచుంటే అది సరిగ్గా బొడ్డు ముందర ఉంటుంది. మా వీధిలో మిగతావాళ్ళకు దోనెకూ కడుపుకూ మధ్య ఒక పిల్లి దూరేంత సందుంటే, నాకు దారపు పోగు కూడా దూరదు. ఇదెట్లా వచ్చిందని ఎవరినో తప్పు పట్టే పని లేదు. పూటకు మూడు జొన్నరొట్టెలు, పైన కాస్త సంగటి. అంతా నా చేతులతో నేను తిన్నదే.

ఆ కడుపు ఊరికే కూచోదు గదా, చెమట పోస్తుంది. కిందటి నెల నేసిన చీర సొసైటీకి తీసుకుపోతే అక్కడి మేస్త్రీ దాన్ని విప్పి వెలుతురుకు పట్టి చూసినాడు. మూరకొకటి చొప్పున గుండ్రంగా మచ్చలు.

"ఏమప్పా ఈరన్నా, ఈ బుటాలు ఎవరు వెయ్యమన్నారు?" అన్నాడు.

ఇంట్లో వాన కురిసిందని చెప్పినాను. ఊర్లో వాన చూసి యాడాదయింది, నీ ఇంటి మీద ఒక్కదాని మీదే ఎట్లా కురిసిందప్పా అని అడిగినాడు. చుట్టూ పదిమంది నేతగాళ్ళు. అందరూ నా మొహం చూడకుండా నా బొడ్డు చూసినారు. చీర ఉతికి తెమ్మన్నాడు. వచ్చే చీరలో ఒక్క మచ్చ ఉన్నా తీసుకునేది లేదన్నాడు.

అందుకని సోమవారం రంగుల కోసం ఆదోనికి పోయినప్పుడు, పనిలో పనిగా బజారులో హుసేన్ సాబు దగ్గరికి పోయినాను. ఆయన ఒక డాక్టరు దగ్గర కంపౌండరు. డాక్టరు లేనప్పుడు డాక్టరే. నన్ను బల్ల మీద పండుకోబెట్టి కర్బూజా పండు కొట్టి చూసినట్టు కడుపు మీద రెండుసార్లు కొట్టి, ఏం తింటావని అడిగినాడు. చెప్పినాను. చెబుతుండగానే లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చినాడు. దాని మీద కండలు తిరిగిన ఒక దొర బొమ్మ. లోపల లేత పసుపు పొడి, పాలవాసన. ఒక గ్లాసు కలుపుకోని తాగితే ఒక పూట భోజనం చేసినట్టేనంట. ఒంటికి బలం వస్తుంది, కడుపు తగ్గుతుంది. దొరలు ఇదే తాగి బతుకుతారన్నాడు.

తర్వాత ఆయన చెప్పిన మాటలు ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. ఎందుకంటే నేను చెయ్యనివి అవే.

"భయ్యా, మొదట మూడు దినాలు ఒకటే చెంచా. చిన్న చెంచా. అదీ ఒక్క పూటే. మిగతా పూటలు మామూలు తిండి తిను. తర్వాత మెల్లగా పెంచు. కొత్తది గదా, కడుపు దానితో దోస్తీ చేసుకోవల్ల."

నేను తల ఊపినాను. కానీ మనసు అప్పటికే డబ్బా మీది దొర దగ్గర ఉండాది.

బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకోని ఆలోచించినాను. నూలు కట్టల మీది చీటీలు చూసి చూసి ఇంగ్లీషు అక్షరాలు నేనే నేర్చుకున్నాను, ఆ గర్వం ఒకటి ఉంది. డబ్బా మీద రాసిందంతా అక్షరం అక్షరం చదివినాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చదివినాను గదా, కాబట్టి నాకు తెలుసనిపించింది. సాబు పొద్దున రెండు ఇడ్లీలు తినే మనిషి. ఆయనకు ఒక చెంచా సరిపోతుంది. మూడు రొట్టెలు తినేవానికి ఒక చెంచా పొడి ఏ మూలకు? పైగా మా ఇంట్లో చెంచా లేదు. చంటిబిడ్డకు పాలు పట్టే ఉగ్గుగిన్నె ఉంది, పప్పు గరిటె ఉంది. ఉగ్గుగిన్నె తీసుకోవడానికి నాకు చిన్నతనమనిపించింది.

ఇంక దీన్ని ఇంట్లో ఎట్లా తాగల్ల? మా ఇంటిది శంకరమ్మకు నమిలేది ఏదీ లేకుంటే అది తిండి లెక్కలోకి రాదు. గంజి తాగితే జ్వరమొచ్చిందా అని నొసలు పట్టి చూస్తుంది. అందుకని డబ్బాను మగ్గం గుంటలో, కాళ్ళు పెట్టుకునే చోట పాత గోనెసంచి కింద దాచిపెట్టినాను. ఆమెతో మాత్రం ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాను, ఎనిమిది దినాలు ఒక్కపొద్దు, పొద్దునా రాత్రీ ముట్టను అన్నాను. దేవుని పేరు పెట్టుకున్నవాణ్ణి, ఆ దేవునితోనే అబద్ధమాడించినాను. శంకరమ్మ పాపం సంతోషపడి నేను కూచునే చోట రోజూ కళ్ళాపి చల్లడం మొదలుపెట్టింది.

మంగళవారం పొద్దున మూడు గరిటెలు. చెంబు నీళ్ళలో వేసి కలిపినాను. పల్చగా ఉంటే మనసొప్పక ఇంకొకటి వేసినాను. అంబలి మాదిరి చిక్కగా అయింది, అక్కడక్కడా ఉండలు. ఆ ఉండలు నమిలేదానికి బాగుండినాయి. దర్జాగా తాగి మగ్గమెక్కినాను.

మధ్యాహ్నానికి కడుపులో ఎవరో కుండలు జరుపుతున్నట్టు మొదలయింది. మొదట అది బయటికి వినపడుతుందని నాకు తెలియదు. పక్కింటి మగ్గం మీద బసప్ప ఉంటాడు. మా ఇద్దరికీ మధ్య ఒక మట్టిగోడ. కాసేపటికి ఆయన మగ్గం ఆపి, మీ గుంటలో కప్పలు చేరినాయేమో చూసుకో ఈరన్నా అన్నాడు. చూస్తానన్నాను. వంగితే ఇంకా గట్టిగా అరిచింది.

సాయంత్రానికి కడుపు తగ్గడం అట్లుంచి ఉబ్బింది. తప్పెట మీద తోలు బిగించినట్టయింది. దోనెకు ఇప్పుడు కడుపు తగలడం కాదు, దోనెను ముందుకు నెడుతుంది. బుధవారమంతా గాలి. ఆ సంగతి వివరంగా చెప్పను, ఈ పత్రిక ఆడవాళ్ళు కూడా చదువుతారు. కానీ నాకు తోచిన తెలివి ఏమిటో మాత్రం చెప్పాల. సాబు దోస్తీ కావల్లన్నాడు గదా. దోస్తీ కావాలంటే ఎక్కువసార్లు కలుసుకోవల్ల గదా. కాబట్టి నాలుగు గరిటెలను అయిదు చేసినాను.

గురువారం ఉబ్బు దిగింది. దిగిన దారి నాకు నచ్చలేదు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా చెంబు పట్టుకోని నాలుగుసార్లు ఊరి బయటి కంపల్లోకి పోయినాను. ఒక్కపొద్దు ఉన్న మనిషికి ఇన్నిసార్లు ఏం పనో అని శంకరమ్మ చూసింది. అంతే.

అదే సాయంత్రం మా మామ వచ్చినాడు.

మా మామ నాగప్ప, అంటే శంకరమ్మ నాయన, ఒకప్పుడు మా వీధిలో కుంచె పట్టేవాళ్ళలో పెద్ద పేరున్న మనిషి. అయిదు నెలల కింద విషజ్వరమొకటి వచ్చిపోయింది. పోతూ పోతూ ఆయన చేతుల్లో వణుకు వదిలేసి పోయింది. అప్పటి నుంచి మగ్గమెక్కి పేక ఆడించే నాడె పట్టలేదు. అరుగు మీద కూచోని నూలు కండెలు చుడుతుంటాడు, అదీ ఎవరూ చూడనప్పుడు. మగ్గం ఖాళీగా ఉండాది. సొసైటీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి సన్ననూలు ఒక పడుగుకు సరిపడా తెచ్చుకున్నాడు. చిన్నకొడుకు నేస్తాడు, నేను చూసుకుంటాను అని మాటిచ్చినాడు. ఇంటిల్లిపాదీ పది దినాలు కష్టపడి ఆ నూలును పడుగు పోసినారు.

"రేపు తెల్లారేసరికి పడుగు చాపుతాం అల్లుడా. ఒకవైపు కుంచె బసప్ప. ఇంకోవైపు నువ్వే పట్టల్ల," అన్నాడు. "ఇది చెడిందంటే మళ్ళా నూలియ్యరు. ఇంక ఆ గుంట పూడ్చుకోవడమే."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాటంటూ చేతులు రెండూ పంచె మడతల్లో దాచుకున్నాడు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. మామా, నా కడుపు సరిగా లేదు, రేపటికి కిష్టప్పను పిలుచుకో అంటే సరిపోయేది. కిష్టప్పా మా వీధిలో కుంచె పట్టే మనిషే, ఖాళీగానే ఉన్నాడు. కానీ కడుపుకేమైందని అడుగుతారు. డబ్బా సంగతి బయటికొస్తుంది. దాని వెనకాల ఒక్కపొద్దు సంగతి, దాని వెనకాల ఉరుకుంద ఈరన్న. పక్కన శంకరమ్మ నిలబడుకోని ఉండాది. సరే మామా అన్నాను. లోపల కప్పలు కూడా ఏదో అన్నాయి.

నేతపని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాల. పడుగు నూలుకు గంజి పట్టించందే మగ్గం మీద నిలవదు. అందుకని తెల్లారుజామున వీధి పొడుగునా పడుగును చాపి, గంజి తడిపి, ఎండ ఎక్కకముందే కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. కుంచె అంటే గోడకు సున్నం వేసేది కాదు. మనిషి పొడుగుంటుంది, మంచి బరువు. ఇటొకరు అటొకరు పట్టుకోని, పడుగు మీద సమంగా లాక్కుంటూ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళా ఈ కొసకు నడుస్తూనే ఉండాలి. గంజి ఆరేదాకా ఆపకూడదు. ఆపితే దారాలు ఒకదానికొకటి అంటుకోని పడుగంతా చాప అయిపోతుంది. ఆ తర్వాత దాన్ని పరుచుకోని పండుకోవచ్చు, నెయ్యలేరు.

శుక్రవారం పొద్దున ఆ బరువు పనికి బలం కావల్ల గదా అని ఆరు గరిటెలు తాగి పోయినాను. ఇది రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మొదటి రెండు నడకలు బాగానే జరిగినాయి. కుంచె బర్ బర్ మంటాంది. తెగిన దారాలు అతికేదానికి ఇద్దరు ఆడవాళ్ళు, మామ చిన్నకొడుకు పడుగు వెంబడి నడుస్తాండారు. ఎక్కడైనా తడి తక్కువైతే అద్దేదానికి శంకరమ్మ అరుగు మీద గంజి చెంబు పెట్టుకోని ఉంది. మామ మాత్రం అరుగు మీద కూచోని, మెడ ముందుకు చాపి, కంటితోనే పడుగంతా తడుముతున్నాడు.

మూడో నడకలో కడుపు మెలితిరిగింది.

మా వీధికి తూర్పు కొసన ఊరు అయిపోతుంది. అక్కడి నుంచి చూస్తే తుమ్మకంప కనపడుతుంది. పడమటి కొసన మాత్రం ఇండ్లు, ఇండ్ల ముందర జనం. తూర్పుకు నడిచేటప్పుడు ఆ కంప ఒక్కొక్క అడుగే దగ్గరికొస్తుంది. జాతరకు పోయేవాళ్ళకు గోపురం కనపడినట్టు నాకు ప్రాణం లేచొచ్చేది. సరిగ్గా కొసకు చేరగానే వెనక్కి తిరగాల. ఇంక పడమటికి నడిచే ప్రతి అడుగూ నన్ను దానికి దూరం చేస్తుంది. ఇట్లా ఎన్నిసార్లని. చల్లటి పొద్దులో నా నొసటి చెమట పడుగు మీద పడకుండా ఒక పక్కకు తల తిప్పుకోని నడిచినాను.

నాకు తెలియకుండానే తూర్పుకు పోయేటప్పుడు పరుగు, పడమటికి వచ్చేటప్పుడు ఈడుపు. కుంచె వంకరపోయింది. నాలుగు దారాలు టప్పుమన్నాయి.

"సమంగా లాగప్పా, ఏమయింది నీకు పొద్దున్నే," అన్నాడు బసప్ప అవతలి నుంచి.

కొంచెం పనుండాది, ఎవరినైనా పట్టుకోమను అని గొంతు తగ్గించి చెప్పినాను. మా ఇద్దరికీ మధ్య పడుగు వెడల్పు ఉంది, చుట్టూ ఆడవాళ్ళున్నారు, ఇంతకన్నా ఎట్లా చెప్పేది. పడుగు ఆరేలోపల నీకంత పనేముంటుందప్పా అని ఆయన గట్టిగానే అన్నాడు. మామ విన్నాడు. అరుగు మీద నుంచి లేచి నిలబడినాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, పడుగు వైపు చూసి, మళ్ళా నా వైపు చూసినాడు. ఆ చూపుకు ఇంకొక నడక నడిచినాను.

ఆ తర్వాతి నడకలో, పడమటికి పోతూ సరిగ్గా నడిమధ్యకు వచ్చినాక, నా చేతిలో ఏమీ లేకుండా పోయింది. కుంచె వదిలేసినాను. వదిలేసినానని చేతులకు తెలిసింది గాని నాకు తెలియలేదు, అప్పటికే పరుగెత్తుతాండాను. అరుగు మీద ఉన్న చెంబు ఎట్లా అందుకున్నానో గుర్తు లేదు. వెనకాల ఎవరో నా పేరు పెట్టి పిలిచినారు. ఆ గొంతు మామదే.

కంపలో కూచున్నాను. అప్పుడు వినపడింది, నిశ్శబ్దం. కుంచె చప్పుడు లేదు.

ఇంతకుముందు దేనికీ నేను అంత భయపడలేదు. గంజి ఆరడానికి ఎంతసేపు? ఎండ అప్పుడే కంప కొసలకు తగులుతాంది. ఒక ఊపిరి, రెండు ఊపిర్లు. పది దినాల ఇంటిల్లిపాది కష్టం అక్కడ చాప అవుతాంది, నేనేమో ఈడ. లేద్దామంటే కడుపు లేవనివ్వదు. ఉరుకుంద ఈరన్నకు అప్పుడు నిజంగానే మొక్కుకున్నాను. స్వామీ, పడుగు నిలబెట్టు, నిజంగా ఒక్కపొద్దుంటాను, ఈసారి డబ్బా లేకుండా.

బర్ మంది.

ఆగింది. మళ్ళా బర్. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా, కుంటివాని నడక మాదిరి. కిష్టప్పను పిలిపించినట్టున్నారు అనుకున్నాను. చప్పుడు కొంచెం కొంచెంగా కుదురుకుంది. తర్వాత ఒకటే ధార. మా వీధిలో ఎంతోకాలంగా ఎవరూ విననంత సమంగా ఉంది ఆ చప్పుడు.

పని ముగించుకోని, చెంబుతో కడుక్కోని, పరుగెత్తుకోని వచ్చి చూస్తే అటువైపు బసప్ప, ఇటువైపు మా మామ.

ఆయన చేతులు వణుకుతానే ఉన్నాయి. కానీ కుంచె బరువు ఆ వణుకును అణిచిపెట్టింది. బరువు లేని కండెల దగ్గర ఆడే చేతులు, ఇంత బరువు దగ్గర నిలిచిపోయినాయి. పంచె ఎగ్గట్టి, తల వంచి, ఎవరినీ చూడకుండా నడుస్తున్నాడు. నేను పోయి మామా ఇటియ్యి అన్నాను.

"పక్కకుండు," అన్నాడు.

పక్కకున్నాను. మధ్యలో ఇంకొకసారి కంపలోకి పోయి వచ్చినాను. ఎవరూ గమనించలేదు, అందరి కండ్లూ ఆయన మీదే ఉండినాయి. చివరికి కుంచె దించి, పడుగు మధ్యలో ఒక్క దారాన్ని గోరుతో మీటి చూసినాడు. అది పక్కదాన్ని కదిలించకుండా విడిగా ఆడింది. ఇంకో చోట మీటినాడు. అక్కడా విడిగానే ఆడింది. అప్పుడు బసప్ప భుజం తట్టినాడు. పడుగు చుట్టేదానికి అందరం చెయ్యి వేసినాం. స్నానం చేసే సందు నాకు దొరకలేదు.

చుట్టడం అయినాక మామ ఇంటి అరుగు మీదే అందరికీ రొట్టెలు పెట్టినారు. వీధిలోవాళ్ళు కూడా చేరినారు. నేను తిట్లకు సిద్ధంగా ఒక స్తంభం పక్కన నిలబడుకున్నాను. బసప్ప ఏదో మొదలుపెట్టబోయినాడు. మామ చెయ్యెత్తి ఆపినాడు.

"అయిదు నెలలుగా కుంచె ఇయ్యండప్పా అంటే ఒక్కడూ ఇయ్యలేదు. పెద్దాయనా నువ్వు కూచో, కూచో అన్నారు. అడిగితే ఇయ్యరని నా అల్లునికి తెలుసు. అందుకే నడిమధ్యలో ఇడిచిపెట్టి పోయినాడు. పడుగు చెడిపోతాంటే నేను కూచోలేనని వానికి తెలుసు."

వీధంతా నా వైపు తిరిగింది. ఒక్కపొద్దులుండి మొక్కుకున్నాడు గూడా, వాళ్ళ మామ కోసమే అయ్యుంటాది అన్నారెవరో. మా మామ కండ్లు తడిగా ఉండినాయి. ఆ కండ్లు చూసి అది కాదు మామా అని ఎట్లా చెప్పేది. పెద్దమనిషి మాదిరి తల వంచుకున్నాను. నిజం చెబుతాను, కొంచెం గర్వంగా కూడా ఉండింది. అట్లే జరిగిందేమో అని నాకే అనుమానమొచ్చింది.

అప్పుడు శంకరమ్మ రొట్టెల గంప దించి, నా వైపు చూడకుండా వాళ్ళ నాయనతో చెప్పింది. "అంతా తెలివే నాయనా. నీళ్ళ చెంబు ఈడే అరుగు మీద ఉండాది చూడు. ఎత్తుకపోయింది నా గంజి చెంబు."

అందరూ నీళ్ళ చెంబు చూసినారు. నిండుగా ఉండాది. తర్వాత నన్ను చూసినారు.

"కూచోని తినప్పా ఈరన్నా," అన్నాడు బసప్ప చాలా మర్యాదగా.

పర్వాలేదు, నిలబడే తింటానన్నాను. ఆ పొద్దు మా వీధిలో గంజి బాగా పట్టి, బాగా ఆరినవి రెండు. ఒకటి మా మామ పడుగు. రెండోదాని మీద నేను కూచుంటే విరిగేట్టుండాది.